ఇంటి మాటే ఇల్లు దాటించింది: షివాన్ మెకెన్నా నటజీవితం



మేష్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసం ఈ ఏడు నన్ను చెయ్యమన్నారు. ఆ మాట వినగానే నాకు ఆయన రిహార్సలు గది కళ్ళ ముందు కదిలింది. కొత్త నాటకం ఎత్తుకున్న మొదటి వారం ఆయన మమ్మల్ని సంభాషణలు బట్టీ పట్టనిచ్చేవారు కారు. పుస్తకం మూయించి, ఇదే సంగతి మీ అమ్మమ్మ ఎలా చెబుతుందో అలా చెప్పమనేవారు. శ్రీకాకుళం కుర్రాడు వాళ్ళ ఊరి మాటలో చెప్పేవాడు. పాలమూరు పిల్ల వాళ్ళింటి మాటలో చెప్పేది. వారం పోయాక పుస్తకం తెరిస్తే అందులోని వాక్యం మాకు అప్పటికే చుట్టమై ఉండేది. వాచికం ఇంట్లో పుడుతుందని, గొంతు దాన్ని మోసుకొస్తుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం ఎంత దూరం తీసుకుపోగలదో ఒక నటి జీవితంతో చెప్పాలని ఈ అంశం ఎంచుకున్నాను. ఆమె ఐర్లండ్ దేశస్థురాలు. పేరు షివాన్ మెకెన్నా. ఊళ్ళో ఒక చిన్న నాటకశాలలో మాతృభాషలో నటన మొదలుపెట్టి, లండన్, న్యూయార్క్ నాటకశాలల్ని, హాలీవుడ్‌ను చూసి, చివరి పెద్ద పాత్ర కోసం మళ్ళీ ఆ ఊరికే చేరుకున్న మనిషి.

ఐర్లండ్ నాటకరంగం మనకు మరీ దూరపు సంగతి కాదు. 1902లో డబ్లిన్‌లో ఫే సోదరులు ఒక చిన్న నాటక బృందం నడిపేవారు. తర్వాత అబ్బీ థియేటర్‌గా పెరిగిన మొక్క అదే. ఆ ఏడాది వాళ్ళు ఆడిన నాటకాల్లో రెండు జేమ్స్ కజిన్స్ అనే యువకవి రాసినవి. ఆ కజిన్స్ 1915లో మన దేశం వచ్చి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఏళ్ళ తరబడి పనిచేశారు. 1919లో రవీంద్రుడు ఆ కళాశాలకు వచ్చినప్పుడు 'జనగణమన'కు స్వరం కూర్చి పెట్టింది ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు. సరిగ్గా అదే ఏడాది షివాన్ మెకెన్నా న్యూయార్క్‌లో బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్' నాటకంలో జోన్ పాత్ర ధరించి ఆ నగరాన్ని గెలుచుకుంది. ఒక చెట్టు కొమ్మ ఒకటి మన రాయలసీమకు వాలితే, ఇంకొకటి అట్లాంటిక్ దాటిందన్నమాట.

పుట్టిల్లు, భాష

షివాన్ 1923 మే 24న బెల్‌ఫాస్ట్‌లో పుట్టింది. ఇంట్లో ఐరిష్ మాట్లాడేవారు. తండ్రి గణితం అధ్యాపకుడు. ఆయనకు గాల్వే విశ్వవిద్యాలయ కళాశాలలో ఉద్యోగం రావడంతో ఆమెకు ఐదేళ్ళప్పుడు కుటుంబం అక్కడికి మారింది.

గాల్వే ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న రేవు పట్టణం. దానికి పడమరగా కానమారా రాళ్ళ నేల, సముద్రంలో ఆరన్ ద్వీపాలు. ఐరిష్ ఇప్పటికీ ఇంటి భాషగా, సంత భాషగా మిగిలిన కొద్ది చోట్లలో అవి ఉన్నాయి. 'మిగిలిన' అని ఎందుకంటున్నానో చెప్పాలి. 1845లో బంగాళదుంప పైరుకు తెగులు పట్టి ఐర్లండ్‌లో పెద్ద కరువు వచ్చింది. ఆ కొన్నేళ్ళలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు. మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. చనిపోయినవాళ్ళలో, వెళ్ళిపోయినవాళ్ళలో ఎక్కువమంది పడమటి పేదలు. అంటే ఐరిష్ మాట్లాడేవాళ్ళు. బతికినవాళ్ళు బిడ్డలకు ఇంగ్లీషు నేర్పారు, వలసపోయే బిడ్డకు అదే అన్నం పెడుతుంది గనుక. ఒక భాష ఇలా రెండు తరాల్లో పొయ్యి దగ్గరి నుంచి గడప అవతలికి జరిగిపోయింది.

1922లో స్వతంత్రం వచ్చాక కొత్త ప్రభుత్వం ఐరిష్‌ను జాతీయ భాషగా ప్రకటించింది. అయితే జాతీయ భాష అయినంత మాత్రాన మనుషుల నోళ్ళలోకి తిరిగి రాదు గదా! దానికి ప్రేమించేవాళ్ళు కావాలి, ఆడేవాళ్ళు కావాలి. 1928లో గాల్వేలో ఐరిష్ భాషలోనే నాటకాలు ఆడే 'తైవ్‌యార్క్' అనే రంగశాల మొదలైంది. ప్రారంభ నాటకం మిహాల్ మక్‌లీమోర్ రాసిన ప్రాచీన ప్రేమగాథ. షివాన్ కుటుంబం గాల్వే చేరింది కూడా ఆ రోజుల్లోనే. ఊరికి రంగశాల, ఆ రంగశాలకు కాబోయే నటి ఇంచుమించు ఒకేసారి వచ్చారు.

కాలేజీలో చదువుకుంటూనే షివాన్ 1940 నాటికి తైవ్‌యార్క్ వేదిక ఎక్కింది. ఆమె లేడీ మాక్‌బెత్‌ను మొదట పలికింది ఐరిష్‌లో. షేక్స్పియర్ ఇంగ్లీషు ఎలా ఉంటుందో తెలిసిన అమ్మాయే. అయినా ఆ రాణి కోరికను, కలవరింతను, చేతి మరక కడుక్కునే ఆరాటాన్ని తన ఇంటి మాటలో మొదట అనుభవించింది. ఇరవై ఏళ్ళ లోపు పిల్లకు అంతకంటే గొప్ప శిక్షణ ఏ అకాడమీలో దొరుకుతుంది?

అబ్బీ మెట్లు

1944లో ఆమె డబ్లిన్‌లోని అబ్బీ థియేటర్‌లో చేరింది. అప్పట్లో అబ్బీ పగ్గాలు ఎర్నెస్ట్ బ్లైత్ చేతిలో ఉన్నాయి. నటీనటులకు ఐరిష్ వచ్చి తీరాలని ఆయన పట్టు. ఆ పట్టు చాలామందికి అడ్డంకైంది. షివాన్‌కు అది అమ్మ పాలతో వచ్చిన విద్య. అక్కడే డెనిస్ ఓడే అనే నటుడితో పరిచయం, 1946లో పెళ్ళి. వాళ్ళ కొడుకు పెద్దయ్యాక ఈతగాడిగా 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఐర్లండ్ తరపున పోటీ చేశాడు.

1947లో లండన్ వేదిక, మరుసటి ఏడాది 'డాటర్ ఆఫ్ డార్క్‌నెస్' సినిమాలో ప్రధాన పాత్ర. సినిమాలు పిలుస్తున్నా ఆమె మళ్ళీ మళ్ళీ నాటకానికే తిరిగి వచ్చింది. ఆ రాకపోకల్లో ఒకటి ఆమె జీవితాన్నే మార్చింది.

జోన్

ఆమె పేరును ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే కొత్తవాళ్ళకు నోరు తిరగదు. ఐరిష్ పద్ధతిలో చదివితే 'షివాన్'. అది జోన్ అనే పేరుకు ఐరిష్ రూపం. బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్' నాటకాన్ని షివాన్ ఐరిష్‌లోకి అనువదించి, 1950లో తైవ్‌యార్క్‌లో తానే జోన్‌గా నటించింది. ఆ అనువాదం పేరు 'సాన్ షివాన్'. తన పేరే నాటకం పేరైంది. అదే ఏడాది నవంబరులో షా తొంభై నాలుగో ఏట కన్నుమూశాడు. డబ్లిన్‌లో పుట్టి, ఇరవై ఏళ్ళకే లండన్ వెళ్ళిపోయి, ఇంగ్లీషులో లోకాన్ని ఏలిన రచయిత ఆయన. ఆయన నాటకాన్ని ఒక నటి ఆ దేశపు పాత భాషలోకి, ఇంటికి తెచ్చినట్టు తెచ్చింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. నటి అనువాదం చేస్తే ఏమవుతుంది? జోన్ ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతపు రైతుబిడ్డ. చదువు లేదు. చర్చి గంటల్లో ఆమెకు దైవవాణి వినిపిస్తుంది. ఆ వాణిని నమ్మి యువరాజు కొలువుకు పోయి, సైన్యాన్ని నడిపి, చివరికి 1431లో రువాన్ పట్టణంలో కాలి బూడిదవుతుంది. కొలువు మర్యాద తెలియని ఆ పిల్ల యువరాజును ఇంట్లో తమ్ముణ్ణి పిలిచినట్టు పిలుస్తుంది. తెలుగులోకి తెస్తే మొదటి చిక్కు అక్కడే: ఆమె ఆయన్ను 'మీరు' అనాలా, 'నువ్వు' అనాలా? 'మీరు' అంటే పల్లెపిల్ల పోయింది. 'నువ్వు' అంటే సభ ఉలిక్కిపడాలి, యువరాజు మాత్రం మెత్తబడాలి. అనువాదకుడు రాసి పక్కన పెట్టేస్తాడు. నటి అయితే ఆ మాటను రాత్రికి తన నోటితో పలకాలి, ప్రేక్షకుల కళ్ళలోకి చూస్తూ పలకాలి. ప్రతి వాక్యాన్నీ ఆమె అలా నాలుక మీద వేసుకుని చూసి రాసుకుంది. అందుకే పాత్ర ఆమె ఒంట్లోకి ఇంకిపోయింది.

1953లో హిల్టన్ ఎడ్వర్డ్స్, మక్‌లీమోర్‌ల సంస్థ డబ్లిన్‌లో ఆమెతో అదే నాటకాన్ని ఇంగ్లీషులో ఆడించింది. 1954లో లండన్ ఆర్ట్స్ థియేటర్, 1956లో న్యూయార్క్ ఫీనిక్స్ థియేటర్. అప్పటికి ఇంగ్లీషు వేదిక మీద ఎందరో పేరున్న జోన్‌లు వచ్చి వెళ్ళారు. 1924లో లండన్‌లో సిబిల్ థార్న్‌డైక్ వేసిన ముద్ర ఇంకా చెరగలేదు. షివాన్ వాళ్ళలో ఎవరిలాగా మాట్లాడలేదు. ఐరిష్‌లో పలికి పలికి అరిగిన నోటితో, పడమటి పల్లె యాసతో ఇంగ్లీషు మాట్లాడింది. లొరేన్ రైతుబిడ్డకు కానమారా రైతుబిడ్డ గొంతు దొరికింది. విచారణ సన్నివేశంలో జోన్ ప్రాణభయంతో తప్పు ఒప్పుకుంటూ సంతకం పెడుతుంది. ఆ ఒప్పుకోలుకు బహుమానం చావు వరకూ చీకటి కొట్టని తెలియగానే ఆ కాగితం చించేస్తుంది. ఆకాశం, పొలాలు, గాలిలో గంటల మోత లేని బతుకు తనకొద్దంటుంది. పొలం గట్ల మీద తిరిగిన గొంతే ఆ మాటలు అనగలదు. ఆ ఏడాది సెప్టెంబరులో 'లైఫ్' పత్రిక ముఖచిత్రంగా ఆమె బొమ్మ వేసింది.

ఊరి యాస పోగొట్టుకుంటేనే పెద్ద వేదిక దొరుకుతుందని మన పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాం! షివాన్‌కు పెద్ద వేదికను ఇప్పించింది ఆ యాసే.

ఇంగ్లీషు లోపలి ఐరిష్

జోన్ తర్వాత ఆమె పేరుతో విడదీయరాని పాత్ర పెగీన్ మైక్. జాన్ మిల్లింగ్టన్ సింజ్ రాసిన 'ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్' నాటకంలో పడమటి తీరపు సారాకొట్టు యజమాని కూతురు. తండ్రిని చంపి పారిపోయి వచ్చానని చెప్పిన ఒక పిరికి కుర్రాణ్ణి ఆ ఊరు వీరుడిగా నెత్తిన పెట్టుకుంటుంది. పెగీన్ వాణ్ణి ప్రేమిస్తుంది. తీరా ఆ తండ్రి తలకు కట్టుతో బతికి వస్తాడు. ఊరు మొత్తం కుర్రాడి మీద తిరగబడుతుంది, పెగీన్‌తో సహా. 1907లో అబ్బీలో మొదటిసారి ఆడినప్పుడు తమ జాతిని అవమానించారని జనం గొడవ చేశారు. పోలీసులు వచ్చి నిలబడితే గాని నాటకం సాగలేదు.

సింజ్ ఆరన్ ద్వీపాలకు పోయి, అక్కడివాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ మాట విని రాసుకున్నాడు. అందుకే ఆ నాటకంలో మాటలు ఇంగ్లీషువి, నడక ఐరిష్‌ది. ఐరిష్‌లో 'అవును', 'కాదు' అనే విడి మాటలు లేవు. 'వచ్చావా?' అంటే 'వచ్చాను' అనే చెప్పాలి. మన పల్లెల్లో ఇప్పటికీ జవాబు అలాగే వస్తుంది. ఇలాంటి నడక తెలియని నటి నోట్లో సింజ్ వాక్యం అలంకారంగా, ఎత్తిపెట్టుకున్న కవిత్వంగా మిగిలిపోతుంది. షివాన్ నోట్లో అది మాటైంది. లోపల వినిపిస్తున్న భాష ఆమెకు తెలుసు గనుక. 1962లో ఈ నాటకం సినిమాగా వచ్చినప్పుడు ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. పెగీన్ ఇరవై దాటీ దాటని పిల్ల. చిత్రం చివర పెగీన్ శోకం వినేటప్పుడు ఆ వయసు తేడా గుర్తుకు రాదు. చేజేతులా పోగొట్టుకున్న మనిషి కోసం ఏడ్చేవాళ్ళ గొంతుకు వయసుండదు.

సముద్రం దాటాక

అమెరికాలో ఆమె 1955లో 'ది చాక్ గార్డెన్'తో బ్రాడ్వే మెట్లెక్కింది. గతం దాచుకున్న మిస్ మాడ్రిగల్ పాత్ర అది. ఆ నాటకానికి, తర్వాత 'ది రోప్ డాన్సర్స్'కు టోనీ నామినేషన్లు వచ్చాయి. 1961లో నికలస్ రే తీసిన 'కింగ్ ఆఫ్ కింగ్స్'లో ఏసుక్రీస్తు తల్లి మరియమ్మగా నటించింది. 1965లో డేవిడ్ లీన్ 'డాక్టర్ జివాగో'లో అన్నా గ్రొమేకో పాత్ర వేసింది. జివాగోను పెంచుకున్న తల్లి.

నేను ఆమెను మొదట చూసింది ఆ సినిమాలోనే. వేదిక మీద చూసే అదృష్టం కలగలేదు. తెర మీద ఆమె ఉన్నది కొద్దిసేపు. రష్యా మంచు, విప్లవం, రైళ్ళు, అంత పెద్ద చిత్రం. అందులో కూడా ఆ ఇంటి వెచ్చదనం ఆమె ముఖంలోనే ఉందనిపించింది. అయినా ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సినిమా ఆమెకు తగినన్ని పాత్రలు ఇవ్వలేదు. ఆమె శక్తి గొంతులో, ఎదురుగా ఊపిరి బిగబట్టిన జనంలో ఉంది. కెమెరా ముఖాన్ని దగ్గర చేస్తుంది గాని, హాలు నిండా పరుచుకునే గొంతును డబ్బాలో పెడుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే జీవితం పొడుగునా నాటకాన్ని వదల్లేదు.

1966లో డబ్లిన్‌లో పీటర్ ఓటూల్ సరసన షాన్ ఓకేసీ 'జూనో అండ్ ది పేకాక్'లో జూనోగా నిలిచింది. తాగుబోతు మొగుణ్ణి, అంతర్యుద్ధం నమిలేసిన కొడుకును, మోసపోయిన కూతురును మోసే డబ్లిన్ పేదింటి తల్లి ఆమె. 1970లో 'హియర్ ఆర్ లేడీస్' పేరుతో ఒంటరి ప్రదర్శన కట్టింది. షా, సింజ్, యేట్స్, ఓకేసీ, జాయిస్, బెకెట్ సృష్టించిన స్త్రీలందరినీ ఒక్క మనిషి ఒక్క సాయంత్రంలో వేదిక మీదికి పిలిచింది. మన హరికథకులకు ఈ విద్య కొత్త కాదు. ఒక్క గొంతులో పదిమంది బతకాలంటే ఆ పదిమంది భాషా ఆ గొంతుకు తెలిసి ఉండాలి.

1975లో దేశాధ్యక్షుడు కారోల్ ఓ డాలీ ఆమెను అధ్యక్షుడికి సలహాలిచ్చే కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు నియమించాడు. న్యాయమూర్తులు, మంత్రులు కూర్చునే చోట ఒక నటికి కుర్చీ వేసిన దేశాన్ని మనం గౌరవించాలి.

మామో కథ

ఇక చివరి పాత్ర. నా మనసు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

1985 డిసెంబరు. గాల్వేలోని డ్రూయిడ్ థియేటర్. దశాబ్దం కిందట గ్యారీ హైన్స్, మేరీ మల్లెన్, మిక్ లాలీ కలిసి స్థాపించిన సంస్థ అది. నాటకం పేరు 'బాల్యగన్‌గారె'. నవ్వులేని ఊరు అని అర్థం. రాసినవాడు టామ్ మర్ఫీ, గాల్వేకు దగ్గరలోని ట్యూమ్ పట్టణం మనిషి. దర్శకురాలు హైన్స్.

తెర లేస్తే ఒక పల్లెటింటి వంటగది. ఆ వంటగదిలోనే మంచం. మంచం మీద మామో అనే ముసలమ్మ. మతి చెదిరింది. రోజూ రాత్రి ఒకే కథ చెబుతుంది. ఒక ఊళ్ళో నవ్వుల పోటీ జరిగిందని, ఆ పోటీ తర్వాత ఆ ఊరికి నవ్వులేని ఊరని పేరొచ్చిందని. అక్కడి దాకా వస్తుంది, ఆగిపోతుంది. మళ్ళీ మొదటికి వెళ్ళిపోతుంది. ఎదుటనున్న మనుమరాళ్ళను గుర్తుపట్టదు. ఎప్పటివాళ్ళో, ఇప్పుడు మంచం చుట్టూ లేని పిల్లలకు కథ చెబుతున్నాననుకుంటుంది. పెద్ద మనుమరాలు మేరీ నర్సు ఉద్యోగం వదులుకుని ఆమెను చూసుకుంటోంది. చెల్లెలు డాలీకి తన గొడవలు తనకున్నాయి. ఆ రాత్రి మేరీ పట్టుబడుతుంది. ఈ కథ ఈరోజు పూర్తి కావాలి.

ఎందుకు పూర్తి కావడం లేదో మెల్లగా తెలుస్తుంది. ఆ రాత్రి సంత నుంచి తిరిగి వస్తూ, దారిలో మంచు గడ్డకట్టి, ఆ ఊళ్ళో ఆగి, నవ్వుల పోటీలో పాల్గొన్న బాటసారులు మామో, ఆమె భర్తే. వాళ్ళు అక్కడ తమ కష్టాలే చెప్పుకుని ఊరంతటినీ నవ్విస్తున్న వేళ, ఇంట్లో వాళ్ళ రాక కోసం చూస్తున్న చిన్న మనుమడు పొయ్యిలో కిరసనాయిలు పోయబోయి కాలిపోయాడు. చెప్పలేని ఆ ఒక్క వాక్యం చుట్టూ ముసలమ్మ ఇన్నేళ్ళుగా తిరుగుతోంది. ఆ రాత్రి దాన్ని దాటుతుంది. మనుమరాలిని పేరు పెట్టి గుర్తుపడుతుంది. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకే మంచం మీద ఒదిగి పడుకుంటారు.

ఆ పాత్ర మాట్లాడే ఇంగ్లీషు కింద ఐరిష్ ఊట ఉంది. మధ్యమధ్య ఐరిష్ మాటలే వచ్చేస్తాయి. గంటల తరబడి మంచం దిగకుండా, కాళ్ళూ చేతులూ కదిపే అవకాశం లేకుండా, కేవలం మాటతో ఒక ఊరిని, ఒక సంతను, ఒక చావును మోయాలి. మతి తప్పిన మనిషి కథ చెప్పే నేర్పు మాత్రం తప్పలేదని ప్రేక్షకుడు నమ్మాలి. ఇంటి ఐరిష్, తైవ్‌యార్క్ ఐరిష్, సింజ్ ఐరిష్, న్యూయార్క్‌లో జోన్ నోట్లో వినిపించిన పల్లె ఇంగ్లీషు, అన్నీ ఆ మంచం మీదికి చేరాయి. నలభై అయిదేళ్ళ కిందట ఆ ఊళ్ళోనే వేదిక ఎక్కిన పిల్ల, ముసలమ్మగా ఆ ఊళ్ళోనే కథ ముగించింది. గాల్వే తర్వాత నాటకం లండన్‌కు వెళ్ళింది, డబ్లిన్‌కు వెళ్ళింది.

ఏడాది తిరగకముందే, 1986 నవంబరు 16న, ఊపిరితిత్తుల శస్త్రచికిత్స తర్వాత ఆమె డబ్లిన్‌లో కన్నుమూసింది. గాల్వేలోని రహూన్ శ్మశానంలో సమాధి చేశారు.

మనకేం చెబుతోంది?

నా మాట ఒక్కటే. మాతృభాష నాటకశాల పెద్ద వేదికకు పోయేవాళ్ళు దాటిపోవలసిన మెట్టని మనలో చాలామంది అనుకుంటారు. షివాన్ జీవితం ఇంకోలా చెబుతోంది. అది పునాది. ఎన్ని అంతస్తులు లేపినా బరువు దాని మీదే ఉంటుంది. ఆమె భాష మాట్లాడేవాళ్ళు ఆమె రోజుల్లోనే కొద్దిమంది. మన భాష మాట్లాడేవాళ్ళు కోట్లలో ఉన్నారు. అంత కొద్దిమంది భాషలోంచి అంత పెద్ద గొంతు లేచినప్పుడు, మన దగ్గర లేవకపోతే తప్పు భాషది కాదు, మనది.

ఇంకో సంగతి. ఆమె తన పాత్రను ఎవరో ఇస్తారని కూర్చోలేదు. కలం పట్టి నాటకాన్ని తన మాటలోకి తెచ్చుకుంది. ఆ పని చేయబట్టే లండన్, న్యూయార్క్ ఆమె దగ్గరికి వచ్చాయి.

ఇక్కడ కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నా విన్నపం. ఈ ఏడాది మీకు నచ్చిన ఒక్క నాటకం తీసుకోండి. ఏ దేశానిదైనా సరే. దాన్ని మీ ఊరి మాటలోకి, మీ అమ్మమ్మ మాటలోకి మీ చేత్తో మీరే రాయండి. రాసి ఊరుకోకండి, మీ ఊరి బడిలోనో, గుడి ముందో, పంచాయతీ అరుగు మీదో పదిమందిని కూర్చోబెట్టి ఆడండి. మేష్టారికి మనం చెయ్యగలిగిన స్మారకం అదే.